ముసుగు ఊరికే పెట్టలేదు

పాత కామిక్స్‌లో హీరోలు తామెవరో దాచుకోవడం కథను సాగదీయడానికే అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. సూపర్‌మ్యాన్ కళ్లజోడు సంగతి వదిలేయండి, స్పైడర్‌మ్యాన్‌ని చూడండి. అతని కామిక్ ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 1966 నాటి 39వ సంచికలో ఒక గ్యాస్ వల్ల, ప్రమాదాన్ని ముందే పసిగట్టే అతని శక్తి మొద్దుబారిపోతుంది. ఆ సంగతి తెలియక పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) ఓ సందులో ముసుగు తీసేస్తాడు. వెంబడించి వచ్చిన విలన్ గ్రీన్ గాబ్లిన్ చూసేస్తాడు. ఆ పేజీ దగ్గర నాకు ఇప్పటికీ టెన్షనే! అసలే అతన్ని పెంచిన పెద్దమ్మ మే పార్కర్‌కి గుండె బలహీనం, నిజం తెలిస్తే తట్టుకోలేదని పాపం ఎన్ని అబద్ధాలు ఆడాడో. చివరికి 1973లో, 121వ సంచికలో, అదే గాబ్లిన్ పీటర్ ప్రేయసి గ్వెన్‌ని ఎత్తుకెళ్లి వంతెన మీద నుంచి తోసేస్తాడు. పీటర్ ఎవరో తెలియకపోతే వాడు ఆ అమ్మాయి జోలికి వెళ్లేవాడే కాదు.