సాయం పెంచడమే కాదు, వేళకు పడాలి
పల్లెల్లో పేదలు ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం విడతలుగా డబ్బిచ్చే గ్రామీణ ఆవాస్ యోజనలో సాయం పెంచితే ఆగిన ఇళ్లన్నీ పూర్తవుతాయని ఒక వ్యాసంలో రాశారు. పెంచాల్సిందే. 2016లో మైదాన ప్రాంతాల్లో ఇంటికి పెట్టిన 1.20 లక్షల రూపాయలే 2024లో పథకాన్ని పొడిగించినప్పుడూ ఉంచారు, ఆ డబ్బుతో ఈ రోజుల్లో స్లాబ్ దాకా రావడమే కష్టం. కానీ విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర మా చిన్నాన్న ఇల్లు ఆగింది అందుకు కాదు. పునాది వేసి, ఫొటో తీయించుకుని, తర్వాతి విడత కోసం ఏడు నెలలు ఎదురుచూశాడు. ఈలోగా మేస్త్రీ వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ పనికి వెళ్లిపోయాడు, సిమెంటు బస్తాలు వానకి గడ్డకట్టాయి. చివరికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి గోడలు లేపాడు. 2005 ఉపాధి హామీ చట్టంలో కూలి డబ్బులు 15 రోజులు దాటి ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని పెట్టారు. ఇంటి బిల్లుకి అలాంటి నిబంధన ఎందుకు పెట్టరు?