నా బోరు, వాడి కొబ్బరికాయ

రాత్రి తొమ్మిదిన్నరకు మా సైన్సు సార్ల గ్రూపులో మెసేజ్ పడింది. రేపు అన్ని హైస్కూళ్లలో భూగర్భ జలాల మీద పిల్లలతో ప్రయోగం చేయించాలి, పన్నెండులోపు ఫొటోలు పెట్టాలి, వెనక బ్యానర్ తప్పనిసరి. బ్యానర్ పైసలు ఎవరిస్తారని అడిగితే అందరూ దండం బొమ్మలు పెట్టారు. ఆ టైములో హనుమకొండలో ఫ్లెక్సీ షాపు తెరిపించిన కథ ఇంకోసారి.

పొద్దున్నే మా వాడి చేపల తొట్టి ఎత్తుకెళ్లాను. చేపలు బకెట్లో, మా ఆవిడ మౌనంలో. తొట్టిలో ఒకవైపు కంకర, ఒకవైపు బంకమట్టి, పైన ఇసుక, కాసిని నీళ్లు. బోరు అంటే హ్యాండ్‌వాష్ సీసా పంపు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించిన కాలం నుంచి మొదలుపెట్టి, గొలుసుకట్టు చెరువులు నిండితే కింది బావుల్లో ఊట ఎట్లా పెరుగుతుందో దంచి, పంపు గుచ్చి నొక్కాను. గుర్రుమంది.

"సార్, దుమ్ము లేస్తుంది" అన్నాడు వెనక బెంచీవాడు.

అంతే, క్లాసంతా బోరుబండి చుట్టూ మూగిన ఊరైపోయింది. కేసింగ్ ఎన్ని ఫీట్లు దించిండ్రని ఒకడు, పైసలు పోతే పోయినయ్ ఇంకో యాభై కొట్టుండ్రి సార్ అని ఇంకొకడు. ముందు బెంచీ అమ్మాయైతే "మా నాయిన గిట్లనే నాలుగు ఏసిండు సార్" అని నన్ను ఓదార్చింది. పైపు మూతికి జాలిగుడ్డ కట్టకుండా బంకమట్టిలో దించింది నేనే. బంకమట్టి నీళ్లు తాగుతుంది గానీ వదలదు. ఈ ముక్క నేను ఏటా పాఠంలో చెప్తాను.

ఈలోగా ఒకడు హెడ్మాస్టర్ రూములో సరస్వతి ఫొటో ముందున్న శుక్రవారం కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. వాళ్ల తాత బోరు పాయింట్లు చూస్తాడట. కాయను అరచేతిలో పడుకోబెట్టి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, రెండడుగుల తొట్టి చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టాడు. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను, అబద్ధమెందుకు. మా దిక్కు అంతా గ్రానైటు రాయి, నీళ్లుండేది పైనున్న మెత్తరాతిలోనూ లోపలి పగుళ్లలోనూ, అందుకే పక్కాయన బోరు పోస్తుంటే మనది ఎండుతుంది, దీనికీ కొబ్బరికాయకూ సంబంధం లేదు అని ఆపాల్సింది నేనే. ఆపలేదు. కంకర మూల దగ్గర కాయ లేచి నిలబడింది. తొట్టి అద్దానిది, తడిసిన కంకర బయటికే మెరుస్తోంది. కాయకు కనబడకపోయినా వాడికి కనబడదా?

"గీడ ఏయుండ్రి సార్."

వేశాను. ఒక్క నొక్కుకు నీళ్లు చిమ్మి నా చొక్కా తడిసింది. "రెండించులు!" అని చప్పట్లు. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన పెద్దసారు గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. పదకొండున్నరకల్లా ఫొటో గ్రూపులో ఉంది. కొబ్బరికాయ, తడిసిన సైన్సు సారు, వెనక బ్యానర్. రెండువేల బ్యానర్ మీద 'శాస్త్రీయ' అన్న మాట వరకే పడింది.

మధ్యాహ్నం ఆయన నన్ను వరండాలో పక్కకు పిలిచారు. మెమో అనుకున్నాను.

"ఆ పిల్లగాని తాత నంబరు ఉన్నదా? మా ప్లాటుల రెండు ఫెయిలైనయ్."