సంగటి పెట్టి చూశాం, డబ్బు వంటకే పోలేదు
ఆఫ్రికాలో ఆకలితో ఉన్న పిల్లల కోసం డబ్బు పోగుచేయడానికి ఇక్కడ భోజనాలు పెడితే వచ్చిందంతా వంటకే సరిపోతుంది, నేరుగా విరాళం పంపితే చాలదా అని మీ వ్యాసంలో రాశారు. హాలు అద్దెకు తీసుకుని క్యాటరింగ్ పెట్టిస్తే అది నిజమే, కాదనను. కానీ పోయిన ఏడాది తిరుపతిలో మా వీధి ఆడవాళ్లం పదిమందిమి కలిసి మా మేడమీదే రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి), పప్పుచారు, మజ్జిగ పెట్టాం. ప్లేటు 150 రూపాయలు. సరుకులు తలా ఒకటి తెచ్చారు కాబట్టి ఖర్చయింది గ్యాసుకీ విస్తరాకులకీ మాత్రమే, ఆ లెక్క కాగితం మీద రాసి గేటుకు అంటించాం. ఊరికే చందా అడిగితే యాభై ఇవ్వడానికి ఆలోచించేవాళ్లు కూడా పిల్లలతో వచ్చి, తిని, పైన ఇంకో వంద ఇచ్చి వెళ్లారు. తింటూ మాట్లాడుకున్నదే నాకు ఎక్కువ నచ్చింది. మనం మనదనుకునే రాగికి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండప్రాంతాలు. అక్కడ బాగా చిక్కిపోయిన పిల్లలకిచ్చే పేస్టు కూడా చెనిక్కాయలదే. దాన్లో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలుపుతారు. 92 గ్రాముల ప్యాకెట్టులో దాదాపు 500 క్యాలరీలు, వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. పలమనేరు దగ్గర మా పుట్టింట్లో చెనిక్కాయలే పండిస్తారు, అది విని మా పాప ఎన్ని ప్రశ్నలు వేసిందో! ముందు మన ఊళ్లో ఆకలి చూడమనే మాటా ఆ భోజనాల దగ్గర వచ్చింది. తిరుమల కొండమీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, అక్కడ నీది ఏ ఊరని అడిగి వడ్డించరు కదా. ఈ కార్తీకంలో మళ్లీ పెడుతున్నాం.