మోడళ్ల పని అయిపోయిందట!

"పది రోజుల వాతావరణాన్ని ఏఐ ఒక్క నిమిషంలో చెప్పేస్తోంది, ఇక సమీకరణాలు, సూపర్‌కంప్యూటర్లు, క్లైమేట్ మోడళ్లు అన్నీ దండగ" అని ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. నిమిషం సంగతి నిజమే. గొడవంతా ఆ తర్వాతి మాటలతోనే.

"ఫిజిక్స్ లేకుండానే నేర్చుకుంది" అంటున్నారు. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల వాతావరణ ఏఐ గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది ఈఆర్ఏ5 అనే పాత వాతావరణ రికార్డులో 1979 నుంచి 2017 దాకా ఉన్న డేటా మీద. అది థర్మామీటర్లు చూసి రాసుకున్న పట్టిక కాదండీ. యూరప్ వాతావరణ కేంద్రం ఫిజిక్స్ సమీకరణాలతో వాతావరణాన్ని లెక్కగట్టే తన మోడల్‌ని పాత పరిశీలనలతో కలిపి నడిపి, కొలతలు లేని సముద్రాల మీద కూడా గాలి, తేమ ఎంత ఉండి ఉంటాయో లెక్కగట్టి తయారుచేసింది. అంటే ఏఐ చదివిన పుస్తకం రాసిందే ఆ సమీకరణాలు!

ఇక "క్లైమేట్ మోడళ్లు దండగ" అన్న మాట. దీర్ఘకాల వాతావరణాన్ని లెక్కగట్టే మోడళ్లివి. అసలు మోడల్‌ని కొన్నిసార్లు నడిపితే వచ్చిన ఫలితాలనే (వీటినే రన్‌లు అంటారు) చూసి దాన్ని అనుకరించే గణాంక పద్ధతిని ఎమ్యులేటర్ అంటారు, ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 2013లో లీడ్స్ యూనివర్సిటీ కెన్ కార్స్‌లా బృందం గాలిలోని సన్నని కణాలు మేఘాల మీద చూపే ప్రభావంలో అనిశ్చితి ఎక్కడిదో వెతికింది. తేలని అంశాలు 28. ఒక్కోదానికి రెండే విలువలు పెట్టి చూద్దామన్నా 26 కోట్ల 84 లక్షల పైచిలుకు రన్‌లు కావాలి, ఏ సూపర్‌కంప్యూటరూ అంత పని చేయలేదు. అందుకే జాగ్రత్తగా ఎంచుకున్న కొద్ది రన్‌లతో ఎమ్యులేటర్‌కి నేర్పి, మిగతా లెక్కంతా దానితో చేయించారు. అనిశ్చితిలో 45 శాతం అగ్నిపర్వతాల గంధకం, సముద్రం నుంచి వచ్చే వాయువుల్లాంటి సహజ వనరులదేనని తేలింది, మనుషులు వదిలేవాటిది 34 శాతం. (నాకు చాలా ఇష్టమైన ఫలితం ఇది.) ఆ కొద్ది రన్‌లూ లేకపోతే ఎమ్యులేటర్‌కి నేర్చుకోవడానికి ఏముంది?

"2100 సంగతి కూడా ఇలాగే చెప్పేస్తుంది" అన్నది మరీ విడ్డూరం. ఏఐ అయినా, ఎమ్యులేటర్ అయినా చూసిన పరిధిలో ఏకసంథాగ్రాహి, పరిధి దాటితే నమ్మకం లేదు. గాసియన్ ప్రాసెస్ అనే గణాంక పద్ధతి రకమైతే కనీసం "ఇక్కడ నాకు అంతగా తెలియదు" అన్నట్టు అనిశ్చితిని పెంచి చూపిస్తుంది, మామూలు న్యూరల్ నెట్‌వర్క్ అయితే తడుముకోకుండా తప్పు చెప్పగలదు. పరిధి పెంచాలంటే మళ్లీ అసలు మోడల్‌నే నడపాలి.

అన్నట్టు, ఆ యూరప్ కేంద్రమే 2025 ఫిబ్రవరిలో తన సొంత ఏఐ మోడల్ ఏఐఎఫ్ఎస్‌ని రోజువారీ అంచనాల్లోకి తెచ్చింది. సమీకరణాలతో నడిచే పాత మోడల్‌ని ఆపకుండా, దాని పక్కనే.