మొదటి క్లాసులో ఏ జిగురు?

చర్చాంశం: చేతి బైండింగు, పుస్తకాల మరమ్మతు కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి ముందు మైదా జిగురు ఇవ్వాలా, ఫెవికాల్ ఇవ్వాలా? వాదిస్తున్నది ఒక బైండింగ్ మాస్టారు, లైబ్రరీలో మరమ్మతులు నేర్పే ఒక మేడమ్.

మాస్టారు: ఫెవికాలే ఇవ్వాలి మేడమ్. కొత్తవాళ్లకి తడి అంచనా ఉండదు. మైదా దట్టంగా పామేస్తారు. కాగితం నీళ్లు తాగి సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుని అట్టని లాగేస్తుంది. మొదటి పుస్తకానికే అట్ట వంకర తిరిగితే రెండో క్లాసుకి ఎవరొస్తారు?

మేడమ్: తడి ఒక్కటే కాదు మాస్టారూ, పోగు, అంటే కాగితంలో పీచు పరుచుకున్న దిశ, చూడకపోవడం అసలు తప్పు. కాగితాన్ని మడత పడకుండా అటూ ఇటూ వంచి చూస్తే ఎటు సులువుగా లొంగుతుందో తెలుస్తుంది. ఆ వంపు గీత వెంబడే పోగు. తడిస్తే కాగితం పోగుకి అడ్డంగా సాగుతుంది. అందుకని అట్టకీ, పైకాగితానికీ, లోపలి కాగితానికీ పోగు పుస్తకం వీపు వెంబడే ఉండాలి. పైకాగితం అట్టని బయటికి లాగితే లోపలిది వెనక్కి లాగుతుంది. ఇది నేర్పకపోతే ఫెవికాల్‌తోనూ వంగుతుంది.

మాస్టారు: వంగుతుంది, కాకపోతే తక్కువ. పైగా మైదాకి రాత్రంతా బరువు పెట్టాలి. రెండు గంటల క్లాసులో అదెలా కుదురుతుంది?

మేడమ్: త్వరగా పట్టేయడమే కొత్తవాళ్లకి చేటు. కాగితం వంకరగా పడితే మైదా మీద జరుపుకోవచ్చు. ఆరాక కూడా తడి దూది అద్ది కాసేపు ఆగితే మెల్లగా ఊడొస్తుంది. ఆరిన ఫెవికాల్ నీళ్లకి మెత్తబడుతుందే గానీ కరగదు. గీకితే అక్షరాలతో సహా కాగితం పొర లేచిపోతుంది.

మాస్టారు: మరి పురుగు సంగతి? పాత బైండర్లు జిగురులో మైలతుత్తం కలిపేవారు. పిల్లల చేతికి అదివ్వగలమా?

మేడమ్: వద్దే వద్దు. అది విషం, పైగా అందులోని రాగి కాగితాన్నే పాడుచేస్తుంది. ఒక వంతు మైదాకి ఐదు వంతుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి అరగంట నాననివ్వండి. సన్నమంట మీద కలుపుతూ పావుగంట ఉడికిస్తే పచ్చిదనం పోయి నిగనిగలాడుతుంది. చల్లారాక గుడ్డలో వడకట్టాలి. ఏ రోజుకారోజు కొంచెమే కాచుకుంటే చాలు. మందంగా పూసి, చెమ్మ తగిలే చోట పుస్తకం పెడితే పురుగు పడుతుంది. పల్చగా పూయడం నేర్పండి.

చిరుగుకైతే ఇదే జిగురుని నీళ్లతో మజ్జిగలా పలచన చేయాలి. చిరుగు మీద అతికించే జపాన్ కాగితాన్ని, అంటే పొడుగు పీచున్న పల్చటి గట్టి కాగితాన్ని, కత్తిరించకూడదు. తడి కుంచెతో గీత గీసి, ఆ గీత మీద లాగి చింపాలి. అంచున పీచు నిలుస్తుంది, అతుకు కనపడదు. కత్తెర అంచయితే మళ్లీ సరిగ్గా ఆ గీత దగ్గరే పేజీ విరుగుతుంది.

మాస్టారు: చిరుగుల దాకా ఒప్పుకుంటాను. కుట్టు లేని పుస్తకాల మాటేమిటి? జనం ఎక్కువగా తెచ్చేవి పేజీలు ఊడిన అవే. పాత జిగురు గీకేసి, కాగితాల కట్టని చెక్కల మధ్య బిగించి, వీపుని ఒకవైపు విసనకర్రలా విప్పి ఫెవికాల్ రాసి, రెండోవైపుకి వంచి మళ్లీ రాయాలి. ప్రతి కాగితం అంచుకీ వెంట్రుకవాసి జిగురు అందుతుంది. ఆ పని మైదాతో చేస్తే ఆరాక గట్టిపడి, పుస్తకం తెరవగానే వీపు పగులుతుంది.

మేడమ్: అక్కడ ఫెవికాలే సరి. కానీ కుట్టిన పాత పుస్తకం వీపుకి ఫెవికాల్ రాస్తే ఫారాల, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టల, మధ్యకి దిగుతుంది. రేపు విప్పాల్సొస్తే మడతలు కోసేయాల్సిందే. మడత పోయిన ఫారాన్ని కుట్టేదెక్కడ? అసలే మార్జిన్ చాలదు.

మాస్టారు: అయితే వీపుకి ముందు మైదా పొర, అది ఆరాక పైన ఫెవికాల్.

మేడమ్: మధ్యలో జపాన్ కాగితం వేయండి, తడిపితే మొత్తం పొరగా లేస్తుంది. అయినా మొదటి క్లాసులో నేను ఫెవికాల్ డబ్బా తెరవను.

మాస్టారు: నేను తెరుస్తాను, కొత్త నోటుబుక్కుల వరకే. పాత పుస్తకం తెచ్చినవాళ్లని మీ బల్ల దగ్గరికి పంపిస్తాను.