ముఖద్వారంలో పవళించిన ఇసుక మేట గారికి

తిరుపతి.

మహారాజశ్రీ ఇసుక మేట గారికి,
రాయదొరువు ముఖద్వారం, పులికాట్ సరస్సు.

నమస్కారం. మీరు క్షేమమేనా అని అడగను. కదిలించేవాడు లేనప్పుడు క్షేమానికేం లోటు.

నేను కొండ కింద మనిషిని. 2022 ఏప్రిల్ 4 దాకా మాకు సముద్రంతో ఏ బంధుత్వమూ లేదు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే కల్యాణి డ్యామే, అదీ నిండిన ఏడు. ఆ రోజు జిల్లాలు పంచితే సూళ్లూరుపేట, తడ మా వాటాకు వచ్చాయి, వాటి వెనకే పులికాట్ సరస్సు. పడుకుని లేచేసరికి తీరప్రాంత వాసులమైపోయాం. ఇక మీదట మనింట్లో పులికాట్ రొయ్యలే అని మా బావ ఆ పూటే తీర్మానించేశాడు.

ఆ తీర్మానం పట్టుకుని మొన్న ఆదివారం చేపల అంగడికి పోయాను. "పులికాట్ రొయ్యలున్నాయామ్మా" అంటే ఆమె కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "యాడియ్యి సామీ, ఇవి చెరువు రొయ్యలు, వనామి" అంది. వనామి పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ ఒడ్డు. అంత దూరం నుంచి అది వచ్చి మా అంగట్లో కూర్చుంది, రెండు గంటల దారిలో ఉన్న సరస్సు రొయ్య మాత్రం రాలేకపోయింది. ఎందుకని అడిగాను. "సముద్రం లోపలికొస్తే గదా రొయ్య వచ్చేది. మేట అడ్డం పడుకోనుంటే యాట్నించొస్తాది?" అంటూ ఆమె నా పావు కిలో తూచేసింది.

తప్పు మీదని తేలింది కాబట్టి ఈ ఉత్తరం.

మీరు ఎవరి దారికి అడ్డం పడ్డారో మీకు తెలుసో లేదో. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, అదీ లక్షల్లో. పిల్ల గోరంత కూడా కాకముందే ఒడ్డు వైపు బయల్దేరుతుంది. ఎదురీదే బలం దానికి లేదు గానీ తెలివుంది. పోటు వచ్చినప్పుడు పైకి లేచి నీళ్లతో పాటు లోపలికి జారుతుంది, పాటు తీసేటప్పుడు అడుగున కరుచుకుని కూర్చుంటుంది. మళ్లీ పోటు, మళ్లీ కొంత దూరం. అట్లా సరస్సు చేరి, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట, పెద్ద చేపల నోటికి అందకుండా కొన్ని నెలలు పెరిగి, గుడ్లు పెట్టే ఈడుకు తిరిగి సముద్రానికి పోతుంది. కొయ్యింగలూ పండుగప్పలూ మండపీతలూ వచ్చిపోయేదీ ఆ వాకిలి గుండానే. ఆ వాకిట్లో మీరు కాళ్లు చాపుకున్నారు.

మా ఊళ్లోనూ లైన్లున్నాయి, లేవనను. కంపార్ట్‌మెంట్లో ఎన్ని గంటలు కూర్చోబెట్టినా మధ్యలో పాలిస్తారు, ఉప్మా పెడతారు, ఎప్పటికో గేటు తీస్తారు. మరీ తొందరైతే సిఫార్సు లెటరుంటుంది. గోరంత రొయ్యపిల్లకు లెటరు రాసే ఎమ్మెల్యే ఎవరండీ? దానికి ఓటు కూడా లేదు.

మీరు వాకిలి మూస్తే లోపలి సంగతి వేరే చెప్పాలా. ఆ సరస్సు చూడ్డానికి సముద్రమంత, లోతు మాత్రం సగటున ఒక మీటరు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు ఆవిరై ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది, ఉత్తరం వైపు నేల నెర్రెలిస్తుంది. ఫ్లెమింగోలకూ ఆ నీళ్లే దిక్కు. ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ముక్కు తలకిందులు చేసి నీళ్లు వడగట్టి, నాచూ సన్న పురుగూ తిని తిని ఆ రంగు తెచ్చుకుంటాయి. ఫ్లెమింగో పండక్కి బ్యానర్ల మీద మేము వేసే గులాబీ రంగు సంగతి వేరు, దానికి సరస్సుతో పని లేదు.

ఇదంతా కాదు గానీ, నాకు అసలు మండేది ఇంకోటుంది. మీరు తప్పు చోట పుట్టారు. అదే మా స్వర్ణముఖిలో పుట్టి ఉంటే మిమ్మల్ని రెండు రాత్రులు నిద్ర పోనిచ్చేవాళ్లా? మొదటి రాత్రి ట్రాక్టరెక్కేవారు, మూడో రోజుకు ఎవరింటి స్లాబో అయ్యేవారు. ఉండాల్సిన ఏట్లో ఇసుక తెల్లారేసరికి గుంతలై కనిపిస్తుంది, ఉండకూడని వాకిట్లో మీరు ఏళ్లకేళ్లు పవళిస్తారు. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం మీ పేరు మారుమోగుతుంది, పూడికతీత, పూడికతీత అని. ఒడిశా వాళ్లు 2000 సెప్టెంబరులో చిలిక సరస్సుకు కొత్త ముఖద్వారం తవ్వుకున్నారు, చేపలు తిరిగొచ్చాయి. మనవాళ్లు ఏళ్ల తరబడి తవ్వింది ఉపన్యాసంలోనే.

ఈ కోపంతోనే బావనూ వెంటబెట్టుకుని సూళ్లూరుపేట దాటి సరస్సు ఒడ్డుకు పోయాను. షార్ రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ శ్రీహరికోటకు పోతుంది కదా, ఆ రోడ్డు పక్కన ఒక పెద్దాయన వల చిక్కులు తీసుకుంటున్నాడు. మిమ్మల్ని నాలుగు మాటలన్నాను. ఆయన వేలికి చిక్కిన ముడి వదలకుండానే, "మేటను తిట్టబాక సామీ. అల ఇసక తెస్తాది, దాని పని అది. ఏరొచ్చి నెట్టాల. ఏరేదీ?" అన్నాడు.

నేను గమ్మునైపోయాను. ఎందుకంటే ఆ ఏరు మా వైపు నుంచే రావాలి. ఆరణి మా కొండల వైపు నుంచి దిగేదే, దాన్ని పిచ్చాటూరు దగ్గర ప్రాజెక్టు కట్టి నిలబెట్టుకున్నాం. కాళంగికీ రిజర్వాయరుంది. (స్వర్ణముఖిని ఈ లెక్కలో వేయకూడదు, అది పులికాట్‌కు ఉత్తరంగా నేరుగా సముద్రంలో కలుస్తుంది. కలిసేది ఏమిటన్నది నన్నడక్కండి.) ఈ ఒడ్డున అలలు నైరుతి నెలల్లో ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య నెలల్లో దక్షిణానికి. వాకిట్లో ఏదో ఒక పక్క నుంచి ఇసుక పడుతూనే ఉంటుంది. వానాకాలం వరద దాన్ని ఒక్క ఊపున సముద్రంలోకి నెట్టేయాలి. వరద చిక్కిపోయింది. మిగిలింది పోటూ పాటూ, అదీ ఒక మీటరు చిల్లర. సరస్సు పూడేకొద్దీ లోపలికి పట్టే నీళ్లు తగ్గుతాయి, నీళ్లు తగ్గితే వచ్చిపోయే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే మీరు ఇంకో మూర లావెక్కుతారు.

కాబట్టి మొదట్లో అన్న "తప్పు మీదని తేలింది" అనే మాటను సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం మీ దగ్గరే ఉంచుకోండి.

ఉత్తరం ముగించే ముందు ఒక రహస్యం. మీరిన్నాళ్లు బతికిపోయింది ఉప్పు వల్ల. ఉప్పు ఇసుకతో కడితే కమ్మీలు తుప్పు పడతాయి, అందుకే మీ జోలికి ఎవడూ రాలేదు. మా బావ ఇప్పుడు ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాడు. ఆ రోజు ఒడ్డున పెద్దాయన ఏరు గురించి చెప్తుంటే వీడు దూరంగా నిలబడి, చెయ్యి నొసటికి పెట్టుకుని మీ వైపే చూస్తున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. సముద్రపు ఇసుకను ఎన్నిసార్లు కడిగితే ఉప్పు పోతుంది అని.

ఇట్లు,
కొత్తగా తీరప్రాంత వాసి అయినవాడు