ఓడలో వైఫై, ఒడ్డున వరద

ఓడలో విహారయాత్ర, అదే క్రూజ్, బుక్ చేసేటప్పుడు అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగే ప్రశ్నలు నాకు బాగా తెలుసు. వెజ్ దొరుకుతుందా, పెరుగన్నం మాటేమిటి, బాల్కనీ గదికి ఇంకెంత కట్టాలి, మందు ప్యాకేజీలో ఏమేం వస్తాయి. వైఫై ఊసు మాత్రం షిప్పు రేవు వదిలి, వాట్సాప్ మెసేజీ పక్కన గడియారం గుర్తు అలాగే నిలబడిపోయాక గాని రాదు. ఆ పాటికి ధర మారిపోయి ఉంటుంది. చాలా కంపెనీల్లో బయల్దేరకముందు వెబ్‌సైట్లో కొంటే ఒక రేటు, షిప్పెక్కాక కొంటే అంతకన్నా ఎక్కువ రేటు.

నేను టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరై కోనసీమలో రాజోలు దగ్గర ఉంటున్నవాణ్ణి. అమ్మాయీ అల్లుడూ డాలస్‌లో. వాళ్లు సముద్రం మీద ఉన్నప్పుడు ఇక్కడ ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేది నేనూ మా ఆవిడా. మీ పత్రికలో క్రూజ్ ఫొటోలు చాలా చూశాను గనక, ఒడ్డువైపు సంగతి కూడా ఒకరు రాయాలనిపించింది.

మీ సెలవులూ మా గోదారి కష్టాలూ చిత్రంగా ఒకే నెలల్లో పడతాయి. అలాస్కా షిప్పులు జోరుగా తిరిగేది జూలై, ఆగస్టుల్లో. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీళ్లెక్కేదీ అప్పుడే. 1986 ఆగస్టు, 2022 జూలై అంటే చాలు, ఏటి మధ్య లంకల్లో ఉండే పెద్దవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. థాంక్స్‌గివింగ్‌కి కరీబియన్ అంటారు. నవంబరు మాకు తుపాన్ల నెల. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను విరుచుకుపడినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. స్తంభాలు, తీగలు, కొబ్బరిచెట్లు అన్నీ కలిసి రోడ్డు మీదే ఉన్నాయి. పై ఊళ్లలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులు బతికున్నారో లేదో తెలియక ఎన్నాళ్లు అల్లాడారో మర్చిపోలేను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కూడా నర్సాపురం దగ్గరే తీరం దాటింది.

అందుకని ‘సెలవులంటే ఫోను కట్టేసుకోవడమే’ అనే మాట నాకు సగమే నచ్చుతుంది. ఆఫీసు ఫోను కట్టేయండి, సంతోషం. డెబ్బై దాటిన అమ్మానాన్నలు ఏటిగట్టు పక్కన ఉన్నప్పుడు మొత్తానికే కట్టేస్తే, ఆ వారం మీకూ నిద్రుండదు, మాకూ ఉండదు.

అయితే కావాల్సింది ఎంత? ఓ వరదలో మా అమ్మాయి అలాస్కా షిప్పులోంచి పెట్టిన మెసేజీ ఒక్క ముక్క: ‘ధవళేశ్వరం?’ నేనిచ్చిన జవాబు: ‘రెండో హెచ్చరిక ఇచ్చారు. 14 అడుగులు. మెల్లిగా ఎక్కుతోంది. గేదెల్ని గట్టు మీదికి తోలించాం. మనింట్లోకి రాలేదు.’ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా జిల్లాలో పుట్టినవాళ్లకి ఆ అంకె ఒక్కటి చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. నాలుగు ముక్కల మెసేజీకి వీడియోలు ఆడే ఖరీదైన ప్లాను ఎందుకు? కొన్ని కంపెనీలు మెసేజీలకీ, సోషల్ మీడియాకీ మాత్రమే పనికొచ్చే చవక ప్లాను విడిగా అమ్ముతాయి. అందులో వాట్సాప్ ఉందో లేదో, కాల్స్ వెళ్తాయో లేదో ముందే చదివి కొనండి. అన్నింట్లోనూ ఒకేలా ఉండదు.

డబ్బు లెక్క చూద్దాం. మామూలు ప్లాను ఒక్కో ఫోనుకి రోజుకి 20 డాలర్లనుకోండి, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. నలుగురికి ఏడు రోజులకి 560 డాలర్లు. ఒక్క ఫోనుకే తీసుకుంటే 140. చాలాచోట్ల ఒక ఫోనులో లాగౌట్ చేసి ఇంకోదాంట్లో లాగిన్ కానిస్తారు. పొద్దున్న అమ్మ, మధ్యాహ్నం నాన్న, రాత్రి భోజనాలయ్యాక పిల్లలు. లాగౌట్ చేయడం మర్చిపోయి తిట్టుకోవడం కూడా అందులో భాగమే. మెనూ, కార్యక్రమాల వేళలు చూపించే షిప్పు యాప్ వైఫై కొనకపోయినా పనిచేస్తుంది. ఒకరినొకరు డెక్కు మీద వెతుక్కోవడానికి అందులో చాట్ కూడా ఉంటుంది. కొన్ని కంపెనీల్లో ఉచితం, కొన్నింట్లో కొద్ది రుసుము.

రోజుకి 20 డాలర్లంటే మా ఊళ్లో నాలుగైదు నెలల రీఛార్జి. ఎందుకింత తేడా అని మా ఆవిడ అడిగింది. మీరు సంక్రాంతికొచ్చి దిండిలో హౌస్‌బోటెక్కినప్పుడు వైఫై అడగరు, సిగ్నలు ఒడ్డున ఉన్న టవరు నుంచే వస్తుంది. పాపికొండల్లోకి వెళ్తే కొండలు అడ్డమొచ్చి సిగ్నలు పోతుంది, అక్కడ డబ్బు పోసినా రాదు. నడిసముద్రంలో అడ్డం ఏమీ లేదు, ఉన్నదల్లా టవరు లేకపోవడం. ఇక దిక్కు ఉపగ్రహమే. ఇదివరకు చాలా షిప్పులు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల మీద ఆధారపడేవి. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పట్టి, పాత ట్రంకు కాల్లో లాగా ఇద్దరూ ఒకేసారి ‘హలో’ అని ఒకేసారి ఆగిపోయేవాళ్లు. ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు తిరిగేది 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఎత్తులో. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ 2022లో దాన్ని పెట్టడం మొదలుపెట్టింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. వేగం పెరిగినంతగా ధర మాత్రం దిగలేదు. సముద్రం మధ్యలో కొట్టు ఒకటే ఉంటే బేరం ఎవరితో ఆడతాం? సొంత స్టార్‌లింక్ డబ్బా పట్టుకెళ్తే సరి అని మా అల్లుడు హుషారు పడ్డాడు. కొన్ని కంపెనీలు దాన్ని నిషిద్ధ సామాన్ల జాబితాలో పెట్టాయి. ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు.

వైఫై కన్నా పెద్ద గండం ఇంకోటుంది. తీరం దూరమయ్యాక షిప్పు తన సొంత మొబైల్ నెట్‌వర్క్ ఆన్ చేస్తుంది. మీ ఫోను దాన్ని పట్టుకుంటే మామూలు రోమింగ్ ప్లాను చాలాసార్లు వర్తించదు, ఎంబీ లెక్కన బిల్లు పడుతుంది. జేబులో ఉన్న ఫోను తనంతట తాను ఫొటోలు పంపుకుంటూ కూర్చున్నా బిల్లే. షిప్పులోకి వెళ్లే వంతెన (గ్యాంగ్‌వే) ఎక్కేముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయండి. మాలాంటి వాళ్లని వెంట తీసుకెళ్తే మా ఇండియా సిమ్ములకీ అదే పని మీరే చేయండి, మాకు చేతకాదు. ఇంకో మాట: బ్యాంకు ఓటీపీ మామూలు ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. షిప్పు వైఫై ఉంది కదా అని దాన్ని నమ్ముకోకండి. కొబ్బరికాయల దింపు తీసేవాళ్లకి కూలి పంపడం లాంటివి ఎక్కకముందే తేల్చేసుకోవాలి.

రేవుల్లో మాత్రం నేల మీది నెట్‌వర్కే. అలాస్కా రేవులు జూనో, కెచికన్, స్కాగ్వే అమెరికావే గనక మీ ఇంటి ప్లానే పనిచేస్తుంది. మెక్సికో చాలా అమెరికా ప్లాన్లలో కలిసే ఉంటుంది, బహామాస్ సంగతి అడిగి తెలుసుకోవాలి. యూరప్ అయితే చాలా దేశాలకీ కలిపి ఒక ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే వేసుకునే సిమ్, సరిపోతుంది. రేవులో ఉచిత వైఫై ఎక్కడుందో షిప్పు సిబ్బందిని అడగండి. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాళ్లు, ఆ కాఫీ కొట్లు వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

ఇంటర్నెట్ అసలు లేకపోయినా పనికొచ్చేది ఒకటుంది. షిప్పు పేరు, గది నంబరు, కంపెనీ అత్యవసర ఫోను నంబరు రాసి ఇంటి దగ్గర ఒకరికి ఇవ్వండి. మా ఫ్రిజ్ మీద ఆ కాగితం ఉంది. ఇంతవరకూ వాడలేదు.

ఇక అక్కడి తెలుగు సంఘం పెద్దలకి. మీరు పదీ ఇరవై కుటుంబాల్ని కలిపి క్రూజ్ కడతారు. సాధారణంగా ఎనిమిది గదులో అంతకన్నా ఎక్కువో అయితే అది గ్రూపు బుకింగ్ కిందికొస్తుంది, కంపెనీ ఏదో ఒక తాయిలం ఇస్తుంది. ఆ తాయిలాన్ని చాలామంది ఒక రాత్రి కాక్‌టెయిల్ పార్టీకి ఖర్చు పెట్టించేస్తారు. దాని బదులు గదికి ఒక ఫోను వైఫై గాని, వైఫైకి వాడుకోదగ్గ ఆన్‌బోర్డ్ క్రెడిట్ (షిప్పులో ఖర్చుకి కంపెనీ జమచేసే సొమ్ము) గాని అడగండి. డిపాజిట్ కట్టాక అడిగితే ఎవరూ వినరు. కట్టకముందే ఏజెంటుతో రాతపూర్వకంగా రాయించండి. ఇచ్చారో లేదో, ఇవ్వకపోతే ఏమన్నారో ఈ పత్రికలోనే వేయండి, తర్వాత వెళ్లే గ్రూపుకి అడగడం తేలికవుతుంది.